చక్రాలు లేని బండి

రాయ్‌పూర్ స్టేషన్‌లో బండి ఆగిందంటే దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, మిగిలినవాళ్ళు టీ కోసం కేకలేస్తారు. సత్తిరాజు మాత్రం ఎవరి మొహమూ చూడడు. పొడుగు కర్రకి బిగించిన సుత్తి పట్టుకుని, ప్లాట్‌ఫారానికి అవతలి పక్క కంకర మీద నడుస్తూ, ఒక్కొక్క చక్రాన్నీ కొట్టుకుంటూ పోతాడు. మంచి చక్రం గంటలా పలుకుతుంది. బీట వారిన చక్రం పగిలిన కుండలా బొంగురుపోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగం అదే. రైల్వేవారి కాగితాల్లో దానికి పెద్ద ఇంగ్లీషు పేరు ఉంది గానీ కాలనీలో అందరికీ ఆయన చక్రాల సత్తిరాజే.

కాలనీ అంటే మనవాళ్ళదే. విజయనగరం లైను తెరిచిన ఏడు బొబ్బిలి నుంచీ, పార్వతీపురం నుంచీ ఆ లైను వెంటే వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు. బజారులో హిందీ, కూరలమ్మితో ఛత్తీస్‌గఢీ, తలుపు వేసుకుంటే బొబ్బిలి తెలుగు. ఈ ఇళ్ళలో ఎవరు ప్రయాణం పెట్టుకున్నా ముందు పంతులు చేత పంచాంగం చూపించుకుని, తరవాత సత్తిరాజు గుమ్మం ఎక్కేవారు. ఏ డబ్బాలో ఎక్కాలో, ఏ బల్ల మీద కూర్చోవాలో, ఎటుపక్క నీడ ఉంటుందో ఆయన చెప్పాలి. చెప్పడమంటే మామూలుగా చెప్పడం కాదు. వచ్చినవాడు లేచి వెళ్ళిపోతానన్నా వదిలేవాడు కాదు.

"ముహూర్తం ఎవడేనా పెట్టీగల్డు. చోటు మాత్రం మా సత్తిరాజే పెట్టాల," అనేవాడు పక్క క్వార్టర్లో ఉండే గార్డు దానయ్య. అందులో సగం ఎగతాళి అని సత్తిరాజుకి తెలుసు. మిగిలిన సగం తీసుకుని సంతోషించేవాడు.

ఆయన శాస్త్రం ఇది. ఇంజను దగ్గర డబ్బా ఎక్కకూడదు, పొగా బొగ్గు నలుసులూ కంట్లో పడతాయి. చిట్టచివరి డబ్బా ఎక్కకూడదు, తోక ఊగుతుంది. చివర్నుంచి రెండోది ఎక్కాలి. అందులోనైనా చక్రాల మీద కూర్చుంటే ఎముకలు కదిలిపోతాయి కనక ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నట్టనడుమ ఉన్న బల్ల చూసుకోవాలి. కడుపు తిప్పే మనిషైతే కిటికీ జోలికి పోకుండా లోపలికి కూర్చుని, గుప్పిట్లో నిమ్మకాయ పట్టుకోవాలి. ఇదంతా రైల్వే విద్య అని కాలనీ నమ్మకం. ఈ విద్య తను నేర్చుకున్నది తన భార్య కడుపు మీద అని సత్తిరాజు ఎవరితోనూ అనలేదు.

పెళ్ళయి రమణమ్మని బొబ్బిలి నుంచి తీసుకొస్తున్నప్పుడు ఆ పిల్ల రాయగడలో వాంతులు మొదలుపెట్టి, రాయ్‌పూర్‌కి ఒక్క స్టేషను ముందున్న మందిర్ హసౌద్ దాకా మానలేదు. కొత్త పెళ్ళికొడుకు ఇరవై రెండేళ్ళవాడు, పెళ్ళికూతురి నుదురు అరచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పట్టుచీర పాడైంది. అత్తవారిచ్చిన అరిసెల బుట్ట ఎవరికో ఇచ్చెయ్యాల్సి వచ్చింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళతో, "మీరు ఇంకెప్పుడూ నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళరు కదా," అంది. ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. డబ్బా కింద తను రోజూ చూసే చక్రాలే తన పెళ్ళాన్ని ఏడిపించాయని అవమానంగా కూడా అనిపించింది. అప్పటినుంచి బండి ఖాళీగా నిలబడ్డప్పుడల్లా లోపలికి దూరి ఒక్కో బల్ల మీదా కూర్చుని చూసేవాడు, కిందకి దూరి ఆ బల్ల కింద ఏముందో చూసేవాడు. బొబ్బిలి తీసుకెళ్ళినప్పుడల్లా ఒక్కో చోట కూర్చోబెట్టాడు. ఎనిమిదో ప్రయాణంలో రమణమ్మకి ఏమీ కాలేదు. ఆనాటి సత్తిరాజు మొహం చూస్తే లాటరీ తగిలిందేమో అనుకునేవారు.

తరవాత మరి ఆవిడకి తిప్పనే లేదు. టిట్లాగఢ్‌లో మిరపకాయ బజ్జీలు కూడా తినేది. అదంతా చోటు మహిమ అనేవాడాయన. గుప్పిట్లో నిమ్మకాయ చెక్కుచెదరకుండా ఇల్లు చేరేది, ఆవిడ దాన్ని పిండి పులిహోర కలిపేది, ఆయన రెండోసారి వడ్డించుకుని తినేవాడు.

ఆ కాపరం అలా చల్లగా సాగుతుండగా యాభై మూడులో, దసరాలకి ముందు, రంగూన్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు వెంకటస్వామి, రమణమ్మ అన్నగారు. అమ్మా నాన్నా లేని పిల్లని చేతుల మీద పెంచి, పెళ్ళి చేసి, తరవాత బియ్యం మిల్లులో గుమాస్తాగిరీకి సముద్రం దాటాడు. యుద్ధం ముందు సంవత్సరం చెల్లెల్ని చూసి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. యుద్ధంలో మూడేళ్ళు ఉత్తరాలే లేవు, మనిషి ఉన్నాడో లేడో తెలియక రమణమ్మ కుంకుమ పెట్టుకున్నప్పుడల్లా అన్న పేరు అనుకునేది. ఇప్పుడు ఆయన రాసింది సూటిగా ఉంది. నేను ఒకసారి ఈ దేశం వదిలితే తిరిగి రానివ్వరు, పిల్లలంతా ఇక్కడే ఉన్నారు. నా ఒంట్లో కూడా బాగుండటం లేదు. అందుకని మీ ఇద్దరికీ విశాఖపట్నం నుంచి ఓడలో గది మాట్లాడాను. ఓడ పటం జత చేశాను, ఏ గది కావాలో బావగారిని గుర్తు పెట్టి పంపమను. ఆయనకి చోటు ఎంచడం గురించి నేను చెప్పేదేముంది.

రమణమ్మ ఉత్తరం మూడుసార్లు చదివింది. చదివి మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు ఓడంటే భయం నేదండీ. అన్నయ్య కాడికి మీరు చోటు ఎంచితే వస్తాను," అంది చివరికి.

సత్తిరాజుకి దిగులు పట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరిక ఇదొక్కటే. బండిలో అయితే తిప్పిందనుకో, వచ్చే స్టేషన్‌లో దిగిపోవచ్చు. సముద్రం మధ్యలో స్టేషన్లు ఉండవు. మూడు రోజులు వాంతులతో పడి లేస్తే ఆ మనిషి అన్నని చూసేనాటికి ఏమై ఉంటుంది? పదిహేను రోజుల్లో మళ్ళీ అదే ఓడ ఎక్కాలి. చోటు తప్పితే ఆవిడ ఒళ్ళు పోతుంది, తనమీద ఉన్న నమ్మకమూ పోతుంది. ఆ రెండోది తలుచుకుంటే ఆయనకి మరీ భయమేసింది. పైకి మాత్రం, "ఓడైతే ఏటి, బండైతే ఏటి. చోటు చోటే," అన్నాడు.

పటాన్ని గోడకి నాలుగు మేకులతో కొట్టాడు. ఓడ పొడుగ్గా, రెండు కొసలా సన్నంగా, వరస గదులతో అచ్చం రైలు డబ్బాలాగే ఉంది. మధ్యలో పొగ గొట్టం గుర్తు. డ్యూటీ నుంచి రాగానే స్నానం కూడా చెయ్యకుండా దాని ముందు నిలబడేవాడు. వారం రోజులు నిలబడ్డాడు. రమణమ్మ అన్నం చల్లారిపోతోందని పిలిచేది. ఆయన పెన్సిల్ చెవిలో పెట్టుకుని ఊఁ అనేవాడు.

దానయ్య వచ్చి పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మధ్యలో తీసుకో మరి. నువ్వు అందరికీ చెప్పేది అదే కదేటి, నట్టనడుమ కూకోమని," అన్నాడు.

సత్తిరాజు ఇలాంటి మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు నవ్వాడు. "నడుమ ఎందుకు కూకోమంటాను? ముందూ ఎనకా చక్రాలుంటాయి కాబట్టి. ఓడకి చక్రాలున్నాయేటి?"

"నేవనుకుంటాను."

"నేవు కదా. చక్రాలే నేనప్పుడు నడుమ అక్కర్నేదు. ఇక ఉన్న బాధల్లా ఇంజనొక్కటే. గొట్టం ఎక్కడుంటే ఇంజను అక్కడ. దానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. ముందు కొసకెళ్తే కెరటం మొకం మీద కొడతాది. అంచేత ఎనక కొస. పక్కా లెక్క."

"చివరి డబ్బా ఊగుతాది అంటావు కదా మరి?"

"డబ్బా ఎందుకు ఊగుతాది? ముందు డబ్బాకి కొక్కెంతో తగిలించి ఉంటాది కాబట్టి. ఓడకి కొక్కెవేది? ఒకటే డబ్బా."

దానయ్యకి ఎక్కడో తేడాగా అనిపించింది గానీ ఎక్కడో చెప్పలేకపోయాడు. పాతికేళ్ళు చివరి పెట్టెలో ఊగినవాడు గనక అనుమానం ఆయన ఒంటికి తెలుసు, నోటికి రాలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదని టీ తాగి వెళ్ళిపోయాడు.

అయినా సత్తిరాజు తొందరపడే మనిషి కాడు. పరీక్ష చెయ్యకుండా ఏ బల్లకీ ఓటు వెయ్యడు. సెలవు రోజు పొద్దున్నే రమణమ్మని తీసుకుని తెలీబంధా చెరువుకి వెళ్ళాడు. అక్కడ చేపలు పట్టే పరదేశి అనే ముసలివాడికి చిన్న పడవ ఉంది. అందులో వెళ్ళి నీళ్ళలో పెరిగే సింఘాడా కాయలు కోసుకొస్తూ ఉంటాడు. రైలు బాబు పెళ్ళాన్ని వెంటబెట్టుకొచ్చి పడవ ఎక్కిస్తాననేసరికి వాడు ఆశ్చర్యపోయాడు, కానీ సరేనన్నాడు.

సత్తిరాజు రమణమ్మని మొదట ముందు కొసన కూర్చోబెట్టాడు. తరవాత వెనక కొసన. "ఎలాగుంది? కడుపులో ఏటైనా?" అని ప్రతి నాలుగు తెడ్లకీ అడిగేవాడు. ఆవిడ పరదేశి ఇచ్చిన ఉడికించిన సింఘాడాలు ఒలుచుకు తింటూ, "బాగానే ఉంది," అనేది. ముందు కొసనా బాగానే ఉంది, వెనక కొసనా బాగానే ఉంది. పడవ అటు ఒకసారి ఇటు ఒకసారి ఒరిగితే సత్తిరాజుకే కాస్త కళ్ళు తిరిగినట్టయింది. ఎండ అనుకున్నాడు.

పరదేశి తెడ్డు ఆపి, "బీచ్ మ బైఠవ్ బాబూ. బీచ్ మ కమ్ డోలథే," అన్నాడు. మధ్యలో కూర్చోండి, మధ్యలో తక్కువ ఊగుతుంది అని.

"నీ పడవకి ఇంజను లేదు కదా, నీకేం తెలుసు," అన్నాడు సత్తిరాజు హిందీలో. వాడు తలూపి మళ్ళీ తెడ్డు వేశాడు. జీవితమంతా నీళ్ళ మీద గడిపిన మనిషి ఒక్క మాటలో చెప్పింది, చక్రాల కింద గడిపిన మనిషి చెవికి ఎక్కలేదు. మన సత్తిరాజు మీద నాకు అభిమానమే గానీ, ఆ పూట ఆయనకి రెండు తగిలించేవాళ్ళు లేకపోయారే అనిపిస్తుంది.

వెనక కొసలో, పై అంతస్తులో, ఎడమ చేతివైపు గదికి సున్నా చుట్టి పటం ఓడ కంపెనీకి పంపించేశాడు. ఎడమ పక్క ఎందుకంటే, ఓడ తూర్పుకి పోతుంది, కార్తీక మాసపు ఎండ దక్షిణం నుంచి వస్తుంది, ఎడమ పక్క నీడ. అది మాత్రం నిజం, ఒప్పుకోవాలి. ఓడ కంపెనీ వాళ్ళు వెంటనే జవాబు రాశారు: మీరు కోరిన గది ఖాళీగా ఉంది, ఆ పక్కన ఉన్న నాలుగు గదులు కూడా ఖాళీగానే ఉన్నాయి, మీ ఇష్టం వచ్చినది తీసుకోవచ్చును. సత్తిరాజు ఆ ఉత్తరం కాలనీలో అందరికీ చూపించాడు. ఇంత మంచి చోటు ఒక్కడికీ తట్టలేదు చూడండి, అన్నాడు.

విశాఖపట్నంలో ఓడ పొద్దున్న తొమ్మిదింటికి కదిలింది. గది ముచ్చటగా ఉంది. రెండు మంచాలు, గుండ్రటి కిటికీ, నీళ్ళ కుళాయి, గోడకి అద్దం. నీడే. పొగ వాసన కూడా లేదు. రమణమ్మ గుప్పిట్లో నిమ్మకాయ పట్టుకుని మంచం అంచున బుద్ధిగా కూర్చుంది. సత్తిరాజు చేతులు వెనక్కి పెట్టుకుని గదిలో అటూ ఇటూ నడిచాడు. ఆయన జీవితంలో అంత గర్వంగా నడిచిన అరగంట మరొకటి లేదు.

రేవు పక్క కొండ దాటి ఓడ బయటి సముద్రంలోకి వెళ్ళింది. ముందు రోజుల్లో ఎక్కడో వాయుగుండం పట్టి వదిలిందట, కెరటాలు ఇంకా సర్దుకోలేదు. వెనక కొస నెమ్మదిగా పైకి లేచింది. లేచి, ఒక్క క్షణం ఆగి, బావిలో చేద జారినట్టు కిందకి పోయింది. లేచినప్పుడు మంచం కింద ఎక్కడో బర్రుమని మోత, గది గదంతా వణుకు. అద్దం కింద పెట్టిన గ్లాసు దానంతటదే నడుచుకుంటూ వచ్చి కింద పడింది.

సత్తిరాజు గోడ పట్టుకుని నిలబడిపోయాడు. వణుకుకి భయపడి కాదు, ఆయన ఆ చప్పుడుని వింటున్నాడు. ఇరవై రెండేళ్ళ చెవి అది, పొరబడదు. కింద ఏదో తిరుగుతోంది. పెద్దది. రెక్కలున్నది. నీళ్ళలో ఉంటే బరువుగా, నీళ్ళు వదిలితే పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. సరిగ్గా తను సున్నా చుట్టిన గది కింద.

"రవణా," అన్నాడు నీరసంగా. "కింద చక్రం ఉంది."

ఆ తరవాత ఆయనకి బేసిన్ తప్ప మరేమీ కనబడలేదు.

ఓడ కొస లేచిన ప్రతిసారీ సత్తిరాజు లేచాడు, పడ్డ ప్రతిసారీ పడ్డాడు. మధ్యాహ్నానికి మనిషి పిండేసిన గుడ్డలా అయిపోయాడు. రమణమ్మ ఆయన నుదురు అరచేత్తో పట్టుకుని కూర్చుంది. నిమ్మకాయ ఆయన ముక్కు దగ్గర పెట్టింది. అలా లాభం లేదని, "ఉండండి, ఇప్పుడే వస్తాను," అని తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. ఆవిడ తిన్నగా నడిచి వెళ్ళడం సత్తిరాజు ఒంటికన్నుతో చూశాడు. గోడ కూడా పట్టుకోలేదు.

గంట తరవాత ఆవిడ ఇంకొక ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ పేరు దాలమ్మ. సోంపేట దగ్గరి మనిషి, గది లేకుండా డెక్కు మీదే చాప పరుచుకుని వెళ్ళేవాళ్ళలో ఒకర్తె. కొడుకులు రంగూన్‌లో ఉన్నారు. మనవాళ్ళంతా రంగం అనే ఆ ఊరికి ఆవిడ ఇది ఆరోసారి వెళ్ళడం.

దాలమ్మ గదిని ఒకసారి చూసి, సత్తిరాజుని ఒకసారి చూసి, "ఈ ఎనకాల గదులు ఎవులూ తీసుకోరు కదమ్మా," అంది. "కింద ఓడని తోసే పంకా తిరగతాది. మీకీ గది ఎవులు అంటగట్టీసినారు?"

రమణమ్మ బేసిన్ పక్కకి జరిపింది. సత్తిరాజు కళ్ళు మూసుకున్నాడు.

ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన్ని చెరొక రెక్కా పట్టుకుని నడిపించారు. మెట్లు దించారు. ఓడకి నట్టనడుమ, పొగ గొట్టం అడుగున, మూటల మధ్య దాలమ్మ చాప మీద పడుకోబెట్టారు. "గొట్టం దగ్గరా? నలుసులు..." అని ఆయన ఏదో అనబోయాడు. "ఊరుకోండి," అంది రమణమ్మ. పొగ ఎక్కడో చాలా ఎత్తుగా పోయి, వెనక్కి, తాము వదిలి వచ్చిన గది మీదుగా పోతోంది. ఓడ రెండు కొసలూ త్రాసు తట్టల్లాగ ఒకటి లేస్తే ఒకటి పడుతున్నాయి. మధ్యలో మాత్రం నేల ఇంచుమించు నిలకడగా ఉంది. చాప కింద వెచ్చగా కూడా ఉంది. తెలీబంధా చెరువులో ముసలి పరదేశి తెడ్డు ఆపి చెప్పిన మాట సత్తిరాజుకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆయనకి ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి, రెండింటికీ ఓపిక లేదు.

సాయంత్రానికి లేచి కూర్చుని రెండు ముద్దల పెరుగన్నం తిన్నాడు. దాలమ్మ తన పెట్టె దగ్గర ఎవరితోనో మాట్లాడుతోంది. సత్తిరాజు భార్య వంక చాలాసేపు చూశాడు. ఆవిడ జుట్టు గాలికి రేగింది, బుగ్గలు ఎర్రబడ్డాయి, దాలమ్మ ఇచ్చిన ఎండుచేప నంజుకుని అన్నం తింటోంది.

"నీకు తిప్పలేదా?" అన్నాడు.

"నేదు."

"ఆ గదిలో కూడా?"

రమణమ్మ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగింది. చెప్పనా మాననా అని ఒక్క నిమిషం తనలో తనే తర్కించుకున్నట్టుంది. "నాకు తిప్పడం పోయి పద్దెనిమిదేళ్ళయిందండీ," అంది.

సత్తిరాజుకి ఓడ మళ్ళీ లేచినట్టయింది.

"ఎనిమిదో మాటు మీరు చివర్నుంచి రెండో డబ్బాలో కూకోబెట్టేరు చూడండి, అప్పుడు తగ్గింది. మీ చోటు వల్ల తగ్గిందో, నాకే తగ్గిపోయిందో నాకేటి తెలుసు. ఆ తరవాత మీకు డ్యూటీ ఉందని నానొక్కర్తినీ బొబ్బిలి ఎల్లేను. వచ్చేటప్పుడు ఆలీసమైపోతే ఇంజను పక్క డబ్బా ఎక్కీసి జనం మధ్యన కూకున్నాను. ఏటీ అవలేదు. ఆ మాట చెబుదామనే దిగేను. మీరు ప్లాట్‌ఫారం మీద చివర్నుంచి రెండో డబ్బా కాడ నిలబడి ఉన్నారు. చేతిలో సుత్తి అలాగే ఉంది. నన్ను చూడగానే, చోటు బాగుందా, అన్నారు."

"నువ్వేమన్నావు?"

"బాగుందన్నాను. ఏటంటాను మరి? ఎవులేనా పెళ్ళాం కోసం బండి కింద దూరుతారేటి? మా చుట్టాల్లో ఏ ఆడదానికీ అలాటి మొగుడు నేడు. నాకు తిప్పడం నేదంటే మీరు ఎతకడం మానీస్తారు. నాకది పోగొట్టుకోవాలని లేకపోయింది." ఆవిడ కళ్ళు చెమర్చాయి గానీ నోరు నవ్వుతోంది. "నిమ్మకాయలకేటి, పులిహోరలోకి పనికొచ్చీవి."

సత్తిరాజుకి మొదట ఉక్రోషం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు! ఎంతమందిని చివర్నుంచి రెండో డబ్బాలోకి తోలాడు, ఎంతమందికి నిమ్మకాయలు పట్టించాడు. వాళ్ళందరి మొహాలూ వరసగా గుర్తొచ్చాయి. తరవాత, బండి దిగి వస్తున్న ఆ ఇరవయ్యేళ్ళ రమణమ్మ గుర్తొచ్చింది, తనమీద ఇష్టంతో ఒక చిన్న అబద్ధం నోట్లో పెట్టుకుని వస్తున్నది. ఉక్రోషం నిలవలేదు. సిగ్గుపడ్డాడు, సంతోషపడ్డాడు, రెండూ ఒక్కసారే. చేతిలో ఉన్న నిమ్మకాయని అటూ ఇటూ తిప్పుతూ చీకటి పడేదాకా సముద్రం చూశాడు.

రంగూన్ రేవులో వెంకటస్వామి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు ముగ్గుబుట్ట అయిపోయింది. చెల్లెలు గబగబా దిగి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. పదిహేనేళ్ళు. తరవాత ఆయన కళ్ళు తుడుచుకుని, "నీకు బండే పడదు కదమ్మా, ఓడలో ఎలాగొచ్చేవు?" అన్నాడు.

"మీ బావగారు చోటు ఎంచేరు కదా," అంది రమణమ్మ వెంటనే.

"కాదు బావగారూ," అన్నాడు సత్తిరాజు. "నేనెంచిన చోట నేనే పడ్డాను. బతికించే చోటు మీ చెల్లెలు చూసింది." పదిమందిలో ఆ మాట అనగలనని ఆయన అనుకోలేదు. అన్నాక తేలిగ్గా ఉంది.

పదిహేను రోజులు ఇట్టే అయిపోయాయి. తిరుగు ప్రయాణంలో ఎక్కడ పడుకోవాలో రమణమ్మే చూసింది, సత్తిరాజు కుక్షినిండా తిన్నాడు. విశాఖపట్నంలో దిగి, వాల్తేరు స్టేషనుకొచ్చారు. రాయ్‌పూర్ బండి సిద్ధంగా ఉంది. సత్తిరాజు కాళ్ళు వాటంతటవే చివరివైపు నడిచాయి. చివర్నుంచి రెండో డబ్బా మెట్టు మీద చెయ్యి కూడా వేశాడు. వేసి ఆగాడు.

"నీకు ఎక్కడ కూర్చోవాలని ఉంది?" అన్నాడు.

అడిగాక, ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న తను ఎప్పుడూ అడగలేదని ఆయనకి తట్టింది. ఎంత వెతికాడు, ఎన్ని డబ్బాల కింద దూరాడు, ఈ ఒక్కటీ అడగలేదు. రమణమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ జవాబు ఎప్పటినుంచి సిద్ధంగా ఉందో.

"ఇంజను పక్క డబ్బాలో. ఖిడికీ కాడ."

"అక్కడ చక్రాల మీద పడతాం."

"చక్రాల మీదే. ఆ చప్పుడు నాకిష్టం. మీరు కొట్టినట్టే ఉంటాది. మరీ, కొండల్లో బండి వంపు తిరిగినప్పుడు పిల్లలందరూ ఇంజను, ఇంజను అని అరుస్తారు చూడండి. నేనెప్పుడూ చూడ్నేదు. మీరు లోపలికి కూకోబెట్టీవారు కదా."

ప్లాట్‌ఫారం పొడుగునా పెట్టె మోసుకుంటూ ముందుకి నడిచారు. పార్వతీపురం దాటాక కొండల్లో బండి వంపు తిరిగింది. రమణమ్మ తల బయటపెట్టి ఇంజను చూసింది. దాని పక్కన తిరిగే కడ్డీలూ, పొయ్యిలో నిప్పూ, ఇంజను మనిషి ఎర్ర రుమాలూ అన్నీ చూసింది. ప్రతి వంపుకీ చూసింది. పొగ లోపలికి కమ్మింది, నలుసులు పడ్డాయి, బల్ల ఎగిరెగిరి పడింది. సత్తిరాజు కళ్ళు నులుపుకుంటూ ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాడు. టిట్లాగఢ్‌లో బజ్జీలు కొనిపెట్టాడు.

మందిర్ హసౌద్ దాటి రాయ్‌పూర్‌లో బండి ఆగేసరికి ఇద్దరి మొహాలూ మసి. దానయ్య ఎదురొచ్చాడు. చివర్నుంచి రెండో డబ్బా దగ్గర చూసి కనబడక, ఇంతదూరం నడిచి వచ్చినట్టున్నాడు.

"ఏటి సత్తిరాజూ, ఓడలో బొగ్గు మోయించేరేటి మీ చేత? ఇదెక్కడి చోటు?"

"మంచి చోటు," అన్నాడు సత్తిరాజు. అలవాటుగా వాల్తేరులో కొన్న నిమ్మకాయ జేబులోంచి తీసి రమణమ్మ చేతిలో పెట్టాడు. "వాడలేదు. పులిహోర కలుపు."